ఓడ గానీ విమానం గానీ కానిది

నాకు మొదటి పోస్టింగు వచ్చిన ఊరు న్యాల్‌కల్ దాటి, కర్ణాటక సరిహద్దుకు మూడు మైళ్ల ఇవతల ఉంది. డెబ్భైల నడుమ మాట. సంగారెడ్డిలో నర్సు శిక్షణ ముగించుకుని, ఆర్డరు కాగితం పట్టుకుని జహీరాబాద్‌లో మా ఇంటికి వస్తే, చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే మా నాన్న ఆ ఊరి పేరు రెండుసార్లు చదివి, "గా ఊరికి బస్సు గూడ లేదు గదనే" అన్నాడు. అమ్మ పాస్టరు గారిని పిలిచి ప్రార్థన చేయించి, ఒక ట్రంకు పెట్టె, ఒక కిరోసిన్ స్టవ్వు ఇచ్చి పంపింది.

ఊళ్లో ఒక రైతు ఇంటి ముందు గదిని సర్కారు అద్దెకు తీసుకుంది. అదే నా దవాఖాన. వెనక చిన్న వంటిల్లు, అదే నా ఇల్లు. చుట్టూ ఐదు ఊళ్లు నావి. గర్భిణులను చూడడం, కాన్పులు చేయడం, పిల్లలకు టీకాలు వేయడం నా పని. కందిచేల మధ్య నడిచి వెళ్లేదాన్ని. కుసుమ చేలు పక్వానికొచ్చే రోజుల్లో చీర అంచులకు ముళ్లు పట్టుకుని గీరుకుపోయేవి.

నా చేతిసంచిలో మందుల కన్నా నేను ఎక్కువ జాగ్రత్తగా చూసుకున్నది జానెడు పొడవున్న ఒక చెక్క గొట్టం. ఊళ్లో దాన్ని నర్సమ్మ బూర అనేవాళ్లు. దాని వెడల్పు మూతిని గర్భిణి పొట్ట మీద ఆనించి, రెండో మూతికి చెవి పెట్టి వింటే, లోపల పిల్ల గుండె దిండు కింద పెట్టిన గడియారంలా వినిపిస్తుంది. నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కపెట్టాలి. అదే సమయంలో తల్లి మణికట్టు పట్టుకుని ఆమె నాడి కూడా చూడాలి. రెండూ వేరువేరుగా నడుస్తుంటేనే మనం విన్నది పిల్ల గుండె అని నమ్మకం. శిక్షణలో మా టీచరమ్మ ఈ సంగతిని మా చేత ఎన్నిసార్లు అప్పజెప్పించుకుందో చెప్పలేను.

సరిహద్దు అవతల విమానాలు నడపడం నేర్పే మైదానం ఒకటి ఉండేది. నేను వెళ్లిన కొత్తలో దాని ధ్యాసే ఎవరికీ లేదు. చిన్న విమానాలు, మిడతల్లాంటివి, ఎప్పుడో ఒకటి వచ్చి పోయేది. పిల్లలు చేతులూపేవాళ్లు. తర్వాత నాలుగైదేళ్లకు ఆ మైదానాన్ని పెద్దది చేశారు. విమానం పరిగెత్తే దారిని పొడుగు చేయడానికి చుట్టుపక్కల చేలు తీసుకున్నారు. మా ఊళ్లో ఒక ముసలామె అవతలి ఊరి ఆడబిడ్డ. ఆమె అన్న చేను కూడా అందులో పోయింది. "మా నాయిన దున్నిన చేన్ల ఇప్పుడు గడ్డి గూడ మొలువనిస్తలేరు" అని చెప్పుకునేది. ఆమె గురించి మళ్లీ చెప్తాను.

ఆ తర్వాత వచ్చిన విమానాలు వేరు. నేర్చుకునేవాళ్లు ఒకే దారిలో చుట్లు తిరిగేవాళ్లు. ఆ చుట్టు మలుపు సరిగ్గా మా ఊరి మీద పడింది. పొద్దున ఎనిమిదికి మొదలైతే ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఒకదాని వెనక ఒకటి. ఒకటి పోయి ఇంకొకటి వచ్చేలోపు చెంబుతో నీళ్లు ముంచి తాగేంత వ్యవధి ఉండేది. పైకప్పు దూలాల సందుల్లోంచి మట్టి రాలేది. బర్రెలు చేపు ఆపేసేవి, పాలు దిగేవి కావు. ఆదివారం ఒక్కనాడే ఊరు ఊరిలా ఉండేది.

అందరికన్నా ఎక్కువ బాధపడింది బడి సారు. నాలుగో తరగతి, ఐదో తరగతి ఒకే గదిలో కూర్చోబెట్టి ఆయనొక్కరే చెప్పేవారు. విమానం వస్తే సుద్దముక్క బోర్డు మీదే ఆపి నిలబడేవారు. పిల్లలకు కూడా అది అలవాటైపోయింది. ఎక్కాలు చదువుతూ "ఏడెనిమిదులు" దగ్గర ఆగి, విమానం పోయాక "యాభై ఆరు" అని అందుకునేవాళ్లు. మొదట మేము దానికి నవ్వుకున్నాం.

సారు అర్జీ రాశారు. పిల్లల చదువు పాడవుతోందని, విమానాలు ఊరి పక్కనుంచి తిప్పుకోవాలని. ఒకటి సంగారెడ్డికి, ఒకటి అవతలి రాష్ట్రం ఆఫీసుకు. సంగారెడ్డి నుంచి వచ్చిన జవాబులో మైదానం పొరుగు రాష్ట్రంలో ఉంది కనుక అక్కడ మనవి చేసుకోవాలని ఉంది. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన జవాబులో అర్జీదారులు తమ రాష్ట్ర నివాసులు కారు కనుక తమ జిల్లా కలెక్టరు ద్వారా రావాలని ఉంది. సారు రెండు కాగితాలూ నాకు చూపించి, "సిస్టర్, చప్పుడుకు సరిహద్దు లేదు, షికాయత్‌కు ఉన్నది" అన్నారు.

ఆ రోజుల్లో నేను నా పనిని విమానాల మధ్య సర్దుకున్నాను. గర్భిణులను తెల్లవారగానే రమ్మనేదాన్ని. అయితే తెల్లవారగానే వాళ్లకు ఇంటి పని, పశువుల పని. వచ్చేసరికి ఎనిమిది దాటేది. విమానం రాగానే చెవి తీసి, పోగానే మళ్లీ పెట్టి, మధ్యలో దొరికిన పావు నిమిషంలో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించేదాన్ని. పూర్తి నిమిషం లెక్కపెట్టాలని పుస్తకంలో ఉంది. పూర్తి నిమిషం మా ఊళ్లో దొరకలేదు.

ఇందాక చెప్పిన ముసలామె కోడలు నా గదికి నాలుగిళ్ల అవతల ఉండేది. పెళ్లై ఆరేళ్లు. రెండుసార్లు మూడో నెలలోనే గర్భం పోయింది. మూడోసారి నెల తప్పగానే అత్త స్వయంగా చెయ్యి పట్టుకుని నా దగ్గరకు తీసుకొచ్చింది.

"నర్సమ్మ, దీన్ని నీ చేతుల వెడ్తున్న" అంది. "చేనుకు పంపియ్య. బరువు లేపనియ్య. నువ్వు ఏం జెప్తే గదే."

ఆ కోడలు మాట తక్కువ మనిషి. ఇరవై రెండేళ్లుంటాయేమో. అడిగినదానికి జవాబు చెప్పేది, అంతే. నేను ఇచ్చిన మాత్రలు ఒక్కటి కూడా మానలేదు. ప్రతి గురువారం వచ్చి గుమ్మం దగ్గర కూర్చునేది. ఐదో నెల దాటాక మొదటిసారి బూర పెట్టి విన్న రోజు నాకు బాగా గుర్తు. ఆ రోజు ఏదో పండుగకు విమానాలు లేవు. గుండె చప్పుడు స్పష్టంగా వినబడింది. నేను నవ్వడం చూసి, "నాకు గూడ ఇనిపిస్తవా" అని అడిగింది. ఎవరి పొట్ట మీద వాళ్లు చెవి పెట్టలేరు కదా. ఆమె అత్తను పిలిచి వినిపించాను. ముసలామె చాలాసేపు వంగి విని, లేచి, "ఉరుకుతున్నది" అంది. ఆ కోడలు ఆ రోజు ఇంటికి వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి నన్ను చూసింది.

ఎనిమిదో నెల నడుస్తుండగా ఒక గురువారం ఆలస్యంగా వచ్చింది. పది కావస్తోంది. నా గదిలో అప్పటికే టీకాల కోసం తల్లులు కూర్చుని ఉన్నారు, పిల్లలు ఏడుస్తున్నారు. పైన విమానాలు.

"నర్సమ్మ, నిన్న మాపటిసంది జర తక్కువ మెసుల్తున్నది" అంది.

"తిన్నవా?"

"తిన్న."

"పండుకో. చూస్త."

బూర పెట్టాను. విమానం వచ్చింది. ఆగాను. మళ్లీ పెట్టాను. ఏదో వినిపించింది. లెక్కపెట్టడం మొదలుపెట్టేలోపు ఇంకో విమానం. మూడోసారి పెట్టినప్పుడు చప్పుడు చెవికి అందింది. నేను అనుకున్న చోట కాదు, కొంచెం పక్కన. వేగంగానే ఉంది. పన్నెండో పదమూడో లెక్కపెట్టాను. మళ్లీ మోత.

ఆ రోజు ఆమె మణికట్టు పట్టుకోలేదు. ఎందుకు పట్టుకోలేదో ఎన్నోసార్లు ఆలోచించాను. గది నిండా మనుషులు. ఒక చేత్తో గడియారం పట్టుకున్నాను, ఇంకో చేత్తో చెవి మూసుకున్నాను, ఆ మోతకు. ఇవన్నీ నిజమే. అయినా రెండు క్షణాలు పట్టే పని అది.

"ఇనబడ్తుందా?" అంది.

"ఇనబడ్తుంది. ఫికర్ జెయ్యకు. ఎడమ దిక్కు తిరిగి పండుకో. రేపు పొద్దుగాల్ల నేనే మీ ఇంటికొస్త."

ఆమె ముఖం తేటపడింది. లేచి, కొంగు సర్దుకుని వెళ్లింది.

మర్నాడు తెల్లవారగానే వెళ్లాను. ఇంకా విమానాలు మొదలవలేదు. బూర పెట్టాను. పొట్ట మీద నాలుగు వైపులా పెట్టాను. ఎక్కడా ఏమీ లేదు. ఆమె మణికట్టు పట్టుకున్నాను అప్పుడు. ఆమె నాడి భయంతో గబగబా కొట్టుకుంటోంది. దాని వేగం నా వేలికి తగలగానే నిన్న నేను విన్నది ఏమిటో నాకు తెలిసిపోయింది.

"ఏమైంది నర్సమ్మ" అంది అత్త.

"జహీరాబాద్ పోదాం. బండి కట్టమను."

ఆమె భర్త బండి కట్టాడు. రోడ్డు దాకా బండి, అక్కడినుంచి లారీ. జహీరాబాద్ దవాఖానలో డాక్టరమ్మ చూసి, నన్ను పక్కకు పిలిచి, పిల్ల ప్రాణం పోయిందని చెప్పింది. ఎప్పుడు పోయి ఉంటుందని అడిగాను. "నిన్న కావచ్చు, మొన్న కావచ్చు. చెప్పలేం" అంది. నిన్న పొద్దున తీసుకొస్తే బతికేదా అని అడగబోయి ఆగిపోయాను. ఆమె నా ముఖం చూసి, అడగకుండానే, "అది కూడా చెప్పలేం" అంది.

ఆ సాయంత్రానికి కాన్పు అయింది. ఆడపిల్ల. తలనిండా వెంట్రుకలు. తండ్రి గుడ్డలో చుట్టుకుని బండిలో ఊరికి తెచ్చి, మర్నాడు పొద్దున చేను గట్టున పూడ్చాడు. నేను పక్కనే నిలబడ్డాను. ఎనిమిది కాగానే విమానాలు వచ్చాయి. ఆయన పలుగు ఆపలేదు.

ఆ కోడలు నన్నేమీ అనలేదు. రెండు వారాల తర్వాత చూడబోతే, నాకు పీట వేసి, "నువ్వేం జేస్తవ్ నర్సమ్మ, నా నసీబ్ గట్లున్నది" అంది. ఆ మాట నేను కాదనలేదు. అవుననలేదు. మంచినీళ్లు ఇస్తే తాగి వచ్చాను.

కొన్ని నెలలకు ఎమ్మెల్యే పర్యటనకు వస్తున్నాడని తెలిసింది. సారు మళ్లీ కదిలారు. ఈసారి బడి సంగతి ఒక్కటే రాస్తే లాభం లేదని, ఊరందరి కష్టం రాయాలని, అసెంబ్లీలో ప్రశ్న వేయించాలని, వీలైతే ఊళ్ల మీద విమానాల మోతను ఆపే చట్టం కోరాలని ఆయన ఆలోచన. నా దగ్గరకు వచ్చి, "మీ దవాఖాన సంగతి గూడ రాస్తే బలముంటది సిస్టర్. పనికేమన్న అడ్డమయితున్నదా" అని అడిగారు.

అప్పటికి నాకు నిద్ర సరిగా పట్టి ఎన్ని రోజులైందో. ఎవరికైనా చెప్పాలని ఉంది. ఆ మాట కోసమే కాచుకున్నట్టు అంతా చెప్పేశాను. ఆ రోజు పిల్ల గుండె చప్పుడు వినబడలేదని, విన్నాననుకుని పంపించానని. నాడి పట్టుకోని సంగతి మాత్రం చెప్పలేదు.

సారు కలం పక్కన పెట్టారు. "ఇది రాస్తే మీ డిపార్టుమెంటు మిమ్మల్ని ఒదిలిపెట్టదు" అన్నారు.

"రాయుండ్రి" అన్నాను.

నాకు అప్పుడు ధైర్యంగా అనిపించింది. నిజం చెప్తున్నాననుకున్నాను.

సంతకాల కోసం పంచాయతీ అరుగు మీద అందర్నీ పోగుచేశారు. ఊళ్లో చదవనేర్చిన వాళ్లు తక్కువ కనుక సారు అర్జీ పైకి చదివి వినిపించారు. పిల్లల చదువు, బర్రెల చేపు, గోడల పగుళ్లు. ఆడవాళ్లు ఒక వైపు నిలబడ్డారు. ఆ కోడలు గడ్డిమోపు దించి స్తంభం పక్కన నిలబడి వింటోంది. ఆమె వస్తుందని నేను అనుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆమెకు ముందుగా ఇంటికెళ్లి చెప్పాలన్న బుద్ధి నాకు ఎందుకు పుట్టలేదో తెలియదు.

సారు చదువుతున్నారు: "ఈ గ్రామ నివాసియైన ఒక గర్భిణీ స్త్రీని పరీక్షించు సమయమున, విమానముల శబ్దము చేత శిశువు గుండె చప్పుడు నర్సుకు వినబడక, సకాలమున పెద్ద ఆసుపత్రికి పంపుటకు వీలుపడక, శిశువు గర్భముననే మరణించినది."

"సార్, జర ఆగు" అంది ఆమె.

సారు ఆగారు. ఆమె నా వైపు తిరిగింది.

"గది నా సంగతేనా నర్సమ్మ?"

"అవును."

"ఆ దినం ఇనబడ్తుందన్నవ్ గద."

"ఇనబడ్డదనుకున్న."

"మరి నువ్వు ఇన్నదేంది?"

అబద్ధం చెప్పడానికి నాకు ఏమీ తోచలేదు. "నీ గుండె అయ్యుంటది" అన్నాను.

ఆమె ముందుకు నడిచి సారు దగ్గర చెయ్యి చాపింది. ఆయన ఆమె బొటనవేలు సిరా పలక మీద అద్ది, కాగితం మీద వేయించారు. అందరికంటే ముందు ఆమెదే పడింది. వేలికున్న సిరాను తలవెంట్రుకలకు తుడుచుకుని, గడ్డిమోపు నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ముసలామె వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మం బయటే నిలబడింది.

"తెల్వలేదని గప్పుడే అనుంటే, అప్పుడే బండి గట్టుకొని పోతుంటిమి గద" అంది.

"అవునమ్మ."

"సర్కార్‌కు జెప్పినవ్. మాకు జెప్పలేదు."

తిట్టలేదు. కన్నడంలో తనలో తానే ఏదో అనుకుంటూ వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లోంచి ఎవరూ నా గదికి రాలేదు.

ఎమ్మెల్యే వచ్చాడు. చెట్టు కింద కుర్చీ వేశారు. ఆయన మాట్లాడుతుండగానే రెండు విమానాలు పోయాయి. రెండుసార్లూ మాట ఆపి పైకి చూశాడు. "ఈసారి అసెంబ్లీల లేపుత. బిల్లు గూడ తెస్తం" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆయన మాట తప్పలేదు. నిజంగానే ప్రశ్న వేశాడు. కొన్ని నెలలకు జవాబు నకలు సారుకు పోస్టులో వచ్చింది. సదరు విమాన క్షేత్రము పొరుగు రాష్ట్రమున ఉన్నదనీ, విమానయానము రాష్ట్ర శాసనసభ పరిధిలోని విషయము కాదనీ రెండు వాక్యాలు. బిల్లు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నాకు మాత్రం డిపార్టుమెంటు నుంచి మెమో వచ్చింది. విధి నిర్వహణలో అజాగ్రత్త గురించి సంజాయిషీ ఇవ్వాలని. అర్జీలో నేను చెప్పి రాయించిందే తీసి అడిగారు. సంజాయిషీలోనూ విమానాల గురించే రాశాను. హెచ్చరికతో వదిలిపెట్టారు.

ఆ మరుసటి ఏడు ఆ కోడలికి మళ్లీ నెల తప్పిందని ఇరుగుపొరుగు చెప్తే తెలిసింది. రెండో నెలలోనే తల్లిగారింటికి, కోహీర్ వైపు వెళ్లిపోయింది. కాన్పు జహీరాబాద్‌లో అయింది. ఆడపిల్ల, బాగుంది. ఆ పిల్లను ఎత్తుకుని ఊరికి వచ్చాక, టీకాల కోసం న్యాల్‌కల్ దాకా నడిచి వెళ్లేది. నా గది ముందునుంచే దారి. ఎండలో పిల్ల మీద కొంగు కప్పి పోతుండేది. నేను గుమ్మంలో ఉంటే తల కొంచెం వంచి నడిచేది. ఒకసారి ఎదురెళ్లి, "ఇక్కడ వేస్త రా" అనాలని లేచాను. గుమ్మం దాటలేకపోయాను.

ఎనభైల చివర్లో ఒక రోజు సారు పేపరు పట్టుకుని వచ్చారు. గాలిని కాపాడే చట్టంలో చప్పుడును కూడా కాలుష్యంగా చేర్చారని అందులో ఉంది. రాష్ట్రాలు దాన్ని అమలు చేస్తాయట. ఆయన గొంతు అప్పటికే పాడైపోయింది. పదేళ్లుగా ఆ మోత మీద అరిచి పాఠాలు చెప్పిన గొంతు. గుసగుసలా మాట్లాడేవారు. "ఇప్పుడు మనకు చట్టమున్నది సిస్టర్" అన్నారు. ఆయన ముఖంలో అంత సంతోషం ముందెన్నడూ చూడలేదు.

ఆయన ప్రయాణం చేసే స్థితిలో లేరు. సెలవు పెట్టి నేనే హైదరాబాద్ వెళ్లాను. పాత అర్జీలన్నీ ఒక బట్ట సంచిలో పెట్టుకుని, కాలుష్యం చూసే రాష్ట్ర ఆఫీసు వెతుక్కుంటూ వెళ్లాను. మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి లోపలికి పంపారు. ఆఫీసరు నెమ్మదస్తుడు. అన్ని కాగితాలూ ఓపికగా చదివారు. ఆ కోడలి వేలిముద్ర ఉన్న అర్జీ దగ్గర కాస్త ఆగారు.

"ఈ నర్సు మీరేనా అమ్మా?"

"అవునండి."

ఆయన బీరువాలోంచి చట్టం పుస్తకం తీసి, ఒక పేజీ వెతికి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని నాకు తెలుగులో చెప్పారు. కాలుష్యానికి హద్దులు పెట్టే అధికారం రాష్ట్రానికి ఎక్కడెక్కడ ఉందో అందులో ఉంది. కర్మాగారాల మీద ఉంది. మోటారు వాహనాల మీద ఉంది. ఇంకా, ఓడ గానీ విమానం గానీ కాని మరే మూలం మీదనైనా ఉంది.

"మళ్లీ చదవండి" అన్నాను.

మళ్లీ చదివారు. వేలు పెట్టి ఆ చోటు చూపించారు. ఆ ఇంగ్లీషు మాటలు నాకూ అర్థమయ్యాయి.

"అంటే చప్పుడును చేర్చారు, విమానాన్ని వదిలేశారు" అన్నాను.

"మొదటినుంచీ అలాగే ఉందమ్మా. పిండి మిల్లు పెద్దగా మోగితే నేను రేపే నోటీసు ఇవ్వగలను." పుస్తకం మూసి, నా కాగితాలు వరసగా సర్ది సంచిలో పెట్టి ఇచ్చారు. "మీరు చాలా దూరం నుంచి వచ్చారు. టీ తాగి వెళ్లండి" అన్నారు. తాగాను. ఆయన మంచితనం చూసి నాకు ఏడుపొచ్చింది. ఎవరినైనా కోపగించుకుందామంటే అక్కడ ఎవరూ లేరు.

ఊరికి వచ్చి సారుకు చెప్పాను. ఆయన మంచం మీద పడుకుని విన్నారు. "ఓడలను గూడ ఇడిసిపెట్టిన్రా" అన్నారు చివరికి. "మన జిల్లాల ఓడ ఏడున్నది సిస్టర్" అని నవ్వబోయి దగ్గు రావడంతో పక్కకు తిరిగారు. ఆ వేసవిలో ఆయన రిటైరయ్యారు. ఏడాది తిరక్కుండా పోయారు. ఆయన తర్వాత వచ్చిన కొత్త సారు పిల్లలను పొద్దున ఎనిమిదికి ముందే, మధ్యాహ్నం తర్వాతే కూర్చోబెట్టి చెప్పేవాడు. నడుమ వాళ్లు పొలాల్లో తిరిగేవాళ్లు. ఎవరూ అర్జీ రాయలేదు.

నన్ను కోహీర్‌కు బదిలీ చేశారు. నేను అడగలేదు, వద్దనలేదు. అక్కడ ఆకాశం ఖాళీగా ఉండేది. బూర పెడితే పూర్తి నిమిషం వినగలిగేదాన్ని. ప్రతిసారీ తల్లి మణికట్టు పట్టుకునేదాన్ని, నొప్పి పుట్టేంత గట్టిగా. "చెయ్యి జర మెల్లగ పట్టు నర్సమ్మ" అనేవాళ్లు.

బదిలీ అయిన కొన్ని నెలలకు జహీరాబాద్ బస్టాండులో ఆమె కనబడింది. మిట్టమధ్యాహ్నం. రాయికోడ్ బస్సు కోసం బెంచీ మీద కూర్చుని ఉంది. ఒడిలో మూడేళ్ల పిల్ల, చేతిలో సగం తిన్న బిస్కెట్టు. నన్ను చూసి జరిగి చోటిచ్చింది.

"బాగున్నవా నర్సమ్మ."

"బాగున్న. నువ్వు?"

"ఏదో."

పిల్ల తలనిండా వెంట్రుకలు. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇక ఇప్పుడు చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేననిపించింది.

"నీకొక మాట జెప్పాలె" అన్నాను. "ఆ దినం నేను నీ చెయ్యి పట్టుకొని నాడి సూడలేదు. సూస్తే తెలుస్తుండె, అది నీ గుండె అని. ఇమానాలది ఒక్కటే తప్పు గాదు."

ఆమె పిల్ల మూతికంటిన బిస్కెట్టు పొడి కొంగుతో తుడిచింది.

"అర్జీల గది రాయలేదు గద" అంది.

"రాయలేదు."

"రాస్తే నీ కొలువు పోతుండె."

"కావచ్చు."

"మరి నా ఏలుముద్ర దేనికి ఏయించుకున్నవ్?"

కోపంగా అడగలేదు. తెలుసుకోవడానికే అడిగింది. ఆమె కొంతసేపు నా వైపు చూసింది, ఇక చాలన్నట్టు తల తిప్పుకుంది. బస్సు వచ్చి నిలిచింది. జనం ఎగబడ్డారు. ఆమె పిల్లను చంకనేసుకుని, సంచి తీసుకుని ఎక్కింది. కిటికీ పక్కన సీటు దొరికింది. నేను కిందే నిలబడ్డాను.

బస్సు కదలబోతుండగా కిటికీలోంచి వంగి, "మా అత్త పోయింది, ఎర్కేనా" అంది.

"ఎర్కలేదు" అన్నాను.

"జొన్న కోతలప్పుడు పోయింది" అంది.